బోల్షోయ్ థియేటర్ ఎవరిది?

మాస్కోలోని బోల్షోయ్ థియేటర్ వయసెంత అంటే మూడు జవాబులు చెప్పొచ్చు. థియేటర్ తన పుట్టినరోజు 1776 మార్చి 28 అంటుంది. ముందువైపు ఎనిమిది స్తంభాలతో, పైన అపోలో నాలుగు గుర్రాల రథంతో ఫొటోల్లో మనం చూసే భవనం 1856లో తెరుచుకుంది. ప్రేక్షకులు ఇవాళ కూర్చునే హాలు, దాని కింద భూమిలోకి దిగిన అంతస్తులు 2011 నాటికి తయారయ్యాయి. మూడూ నిజమే. బోల్షోయ్ అనే ఒక్క పేరు కింద ఒక వ్యాపార హక్కు, ఒక కళాకారుల బృందం, పదేపదే కాలిపోయిన ఒక కట్టడం, రాజ్యం తన దర్పం చూపించుకునే ఒక వేదిక, ఇన్ని చరిత్రలు కలిసిపోయి ఉన్నాయి.

సోవియట్ పుస్తకాలు, పత్రికలు తెలుగులో విరివిగా వచ్చిన రోజుల్లో ఆ పేరు మన ఇళ్లకూ చేరింది. బాలే చూడనివాళ్లకు కూడా బోల్షోయ్ అంటే ఒక గౌరవం. ఆ గౌరవం నాకూ ఉంది. అందుకే చెబుతున్నాను, దాని చరిత్రను గొప్ప నర్తకీమణుల వరుసగా చదివితే సగమే అర్థమవుతుంది. కూలిన ప్రతిసారీ దాన్ని నిలబెట్టడానికి డబ్బు ఎవరు పెట్టారు, పెట్టినందుకు ఏం అడిగారు అన్నది మిగతా సగం.

అనాథలు, భూబానిసలు, అప్పులు

1776లో భవనమేమీ లేదు. ఉన్నదల్లా మహారాణి రెండో కేథరీన్ ఇచ్చిన అనుమతి పత్రం. మాస్కోలో పదేళ్లపాటు నాటకాలు, వినోద కార్యక్రమాలు నడిపే హక్కు ప్రిన్స్ ప్యోత్ర్ ఉరూసొవ్ ఒక్కడికే చెందుతుందని దాని సారాంశం. అతనికి భాగస్వామిగా చేరిన మైకేల్ మాడక్స్ ఇంగ్లీషువాడు. యాంత్రిక వింతలు, విన్యాసాలు ప్రదర్శిస్తూ రష్యా చేరిన మనిషి. మొదట ఒక ప్రభువు ఇంట్లో ప్రదర్శనలు సాగాయి. 1780లో ఆ ఇల్లు కాలిపోయింది. ఉరూసొవ్ తప్పుకున్నాడు. మాడక్స్ అప్పులు తెచ్చి ఆ ఏడాది చివర్లోనే పెత్రోవ్కా వీధిలో సొంత థియేటర్ తెరిచాడు. ఇప్పటి బోల్షోయ్ ఉన్న చోటు అదే.

ఆ అప్పులు తీరలేదు. మాస్కో అనాథాశ్రమాన్ని నడిపే ధర్మకర్తల మండలి అతనికి ప్రధానమైన అప్పులవాడు. చివరికి థియేటర్ ఆ మండలి చేతికే పోయింది. ఈ అనాథాశ్రమం సంగతి కొంచెం ఆగి చూడాలి. అక్కడి పిల్లలకు 1773 నుంచి నాట్యం నేర్పుతుండేవారు. ఫిలిప్పో బెక్కారి అనే ఇటాలియన్ గురువు వాళ్లను తయారుచేశాడు. మాస్కో బాలే పాఠశాల తన వయసును అక్కడి నుంచే లెక్కపెట్టుకుంటుంది. ఇవాళ ప్రపంచమంతా టికెట్ల కోసం ఎగబడే నాట్య సంప్రదాయం, తల్లిదండ్రులు ఎవరో తెలియని పిల్లల కాళ్లతో మొదలైంది.

వాళ్లకు భూబానిసలు తోడయ్యారు. ఆ కాలపు రష్యన్ జమీందార్లు తమ పొలాల్లో పనిచేసే భూబానిసల నుంచే నటులను, గాయకులను, వాద్యకారులను తయారుచేసి సొంత బృందాలు పెట్టుకునేవారు. 1806లో స్తొలీపిన్ అనే జమీందారు తన బృందాన్ని అమ్మకానికి పెట్టాడు. ఆ కళాకారులు తమను విడివిడిగా ఎక్కడెక్కడికో అమ్మేయవద్దని జార్ మొదటి అలెగ్జాండర్‌కి అర్జీ పెట్టుకున్నారు. బేరసారాలు నడిచాక ఖజానా 32,000 రూబుళ్లకు వాళ్లను కొని మాస్కో థియేటర్‌లో చేర్చింది. అప్పటికి మాడక్స్ భవనం కూడా లేదు, 1805లో కాలిపోయింది. ఇల్లు లేని ఆ బృందాన్ని 1806లో రాజ థియేటర్ల డైరెక్టరేట్ తన కిందికి తీసుకుంది. పన్నులతో నడిచే ప్రభుత్వ థియేటర్‌గా బోల్షోయ్ జీవితం మొదలైంది అప్పుడే. వ్యాపారి దివాలా తీస్తే రాజు వచ్చి కాపాడాడు. కాపాడిన చేయి ఆ తర్వాత వదల్లేదు.

ఆర్బాత్ కూడలిలో కట్టిన చెక్క థియేటర్ 1812లో నెపోలియన్ వచ్చినప్పుడు నగరంతోపాటు తగలబడింది. తర్వాత మాస్కోను పునర్నిర్మిస్తూ నెగ్లిన్నయా నదిని భూగర్భ కాలువలోకి మళ్లించారు. పైన ఒక కూడలి ఏర్పడింది. ఆ కూడలి మీద అందరికంటే ఎత్తుగా అంద్రేయ్ మిహైలొవ్ నమూనాతో, ఒసిప్ బొవే పర్యవేక్షణలో కొత్త థియేటర్ లేచింది. 1825 జనవరిలో తెరిచారు. పక్కనే నాటకాల కోసం ఉన్న చిన్న థియేటర్ మాలీ, ఇది పెద్దది కనుక బోల్షోయ్. పూడ్చిన నది పక్కన, తడి నేలలో చెక్క దిమ్మెలు దిగేసి వాటి మీద కట్టారన్న సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత చాలా ఇబ్బందులకు మూలం అదే.

వాద్యంలా కట్టిన హాలు

1853 మార్చిలో మళ్లీ నిప్పు. ఈసారి దుస్తులు, వాద్యాలు, సంగీత పత్రాలు, యంత్రాలు అన్నీ పోయి, వెలుపలి గోడలు, ముందరి స్తంభాలు మాత్రం మిగిలాయి. కప్పు మీద చిక్కుకుపోయిన ఒక వడ్రంగిని వసీలీ మారిన్ అనే రైతు నీటి గొట్టం పట్టుకుని ఎగబాకి కాపాడాడు. మాస్కోలో అతని పేరు చాలాకాలం చెప్పుకున్నారు.

పునర్నిర్మాణం అల్బెర్తో కావోస్‌కి అప్పగించారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడిన వెనిస్ సంగీతకారుడి కొడుకు. కొన్నేళ్ల తర్వాత అక్కడి మారిన్‌స్కీ థియేటర్ కట్టింది కూడా ఇతనే. కొత్త జార్ రెండో అలెగ్జాండర్ పట్టాభిషేకానికి థియేటర్ సిద్ధంగా ఉండాలి కనుక ఏడాదిన్నర లోపలే పని ముగించాడు. 1856లో బెల్లీనీ ఒపేరాతో, ఇటాలియన్ గాయకులతో తలుపులు తెరిచారు.

ఇంత తొందరలోనూ కావోస్ చేసిన పనికి ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. మైకులు లేని కాలంలో ఒక మనిషి గొంతు పెద్ద ఆర్కెస్ట్రాను దాటి ఆరో అంతస్తు దాకా వినబడాలి. దానికి హాలే వాద్యం కావాలని అతని ఆలోచన. గోడల లోపలి వైపు సన్నని స్ప్రూస్ చెక్క పలకలు, వాటి వెనక ఖాళీ. ఆర్కెస్ట్రా కిందా, నేల కిందా బోలు. పైకప్పు కూడా చెక్కే. గోడల వెంట అంతస్తులుగా ఉండే ప్రేక్షకుల చిన్న గదులు, అంటే బాక్సుల మీద కనిపించే బంగారు పూల పనిని సున్నంతో చేయకుండా కాగితపు గుజ్జుతో చేయించాడు, ఎందుకంటే సున్నం శబ్దాన్ని తిప్పికొడుతుంది, కాగితపు గుజ్జు చెక్కతోపాటు తేలిగ్గా కంపిస్తుంది. వీణకు కుండ ఎలాగో ఆ హాలుకు ఆ ఖాళీలు అలాగ. ఈ పద్ధతిని చెడగొట్టడం చాలా సులువు. ఆ బోలులో ఎవరైనా ఏదైనా నింపితే చాలు.

రెండో నగరపు థియేటర్

ఇక్కడ చాలామందికి ఉండే ఒక పొరపాటు అభిప్రాయం తొలగించాలి. బోల్షోయ్ మొదటి నుంచీ రష్యాలో అగ్రస్థానంలో లేదు. రాజధాని పీటర్స్‌బర్గ్. డబ్బు, పేరు, ఉత్తమ కళాకారులు అక్కడే. మాస్కో థియేటర్‌ను నడిపే నిర్ణయాలూ అక్కడి కార్యాలయంలోనే జరిగేవి. 1860ల్లో బోల్షోయ్ వేదికను ఇటాలియన్ ఒపేరా కంపెనీ దాదాపు ఆక్రమించుకుంది. రష్యన్ ఒపేరాకు మిగిలిన రోజులే దక్కేవి. పత్రికల్లో సంగీత విమర్శలు కూడా రాసే స్వరకర్త చైకోవ్‌స్కీ దీని మీద కోపంగా రాశాడు.

ఆ చైకోవ్‌స్కీ మొదటి బాలే హంసల సరస్సు బోల్షోయ్‌లోనే 1877 మార్చి 4న తొలిసారి ప్రదర్శించారు. నాట్య దర్శకుడు జూలియస్ రైసింగర్. విమర్శకులు పెదవి విరిచారు. అయినా 1883 దాకా ప్రదర్శనల్లో నిలిచి, తర్వాత మాయమైంది. ఇవాళ లోకం మెచ్చే రూపం 1895లో పీటర్స్‌బర్గ్‌లో పెతిపా, ఇవానొవ్ కూర్చినది. చైకోవ్‌స్కీ అప్పటికే మరణించాడు. నిద్రపోయిన రాకుమారి, నట్‌క్రాకర్ కూడా పీటర్స్‌బర్గ్‌లో పుట్టినవే.

పైవాళ్ల చూపు అంతగా పడకపోవడం వల్ల మాస్కోకు ఒక మేలు కూడా జరిగింది. 1882లో మాస్కో, పీటర్స్‌బర్గ్‌లలో ప్రభుత్వ థియేటర్ల గుత్తాధిపత్యం రద్దయింది. సవ్వా మామొంతొవ్ అనే రైల్వే వ్యాపారి సొంత ఒపేరా పెట్టి, చిత్రకారులను రంగాలంకరణకు తెచ్చాడు. ఆ పోటీ చూశాక బోల్షోయ్ కూడా మేలుకుంది. మామొంతొవ్ దగ్గర పాడుతున్న ఫ్యోదర్ షల్యాపిన్ 1899లో బోల్షోయ్‌కి వచ్చాడు. చిత్రకారులు కొరోవిన్, గొలోవిన్ వచ్చారు. 1900లో నాట్య దర్శకుడు అలెక్సాందర్ గోర్‌స్కీ డాన్ కిహోతె బాలేను కొత్తగా మలిచాడు. అచ్చు గీసినట్టు వరుసల్లో నిలబడే నృత్యబృందాన్ని విడగొట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో పని ఇచ్చి, వేదికను సందడిగా ఉండే బజారులా మార్చాడు. బోల్షోయ్ నాట్యంలో నటన, ఊపు, పెద్ద పెద్ద గెంతులు ఎక్కువని ఈనాడు చెప్పుకునే లక్షణాలకు అది ఒక ఆరంభం. 1904 నుంచి 1906 దాకా స్వరకర్త రాహ్మనినొవ్ ఇక్కడ కండక్టర్.

ఈలోగా కింద నేల కదులుతోంది. భూగర్భ జలం తగ్గి, నీటిలో ఉన్నంతకాలం చెడని చెక్క దిమ్మెలు గాలి తగిలి కుళ్లాయి. 1902లో ఒక మధ్యాహ్నపు ప్రదర్శన జరుగుతుండగా హాలు గోడ కుంగింది. బాక్సుల తలుపులు బిగుసుకుపోయి, లోపలున్నవాళ్లు పక్క బాక్సుల్లోకి ఎక్కి బయటపడాల్సి వచ్చింది. పునాదుల్ని గట్టిగా సరిచేసే పని 1920ల్లో ఇంజనీరు ఇవాన్ రెర్‌బెర్గ్ చేతుల మీదుగా జరిగింది.

సభాస్థలి

1918లో రాజధాని మాస్కోకు మారింది. అంతమంది ప్రతినిధులను కూర్చోబెట్టగల పెద్ద హాలు నగరంలో ఇదే. ఆ ఏడాది జూలైలో అయిదో సోవియట్ల మహాసభ ఇక్కడ నడుస్తుండగా వామపక్ష సోషలిస్టు రివల్యూషనరీల తిరుగుబాటు మొదలైంది. మరియా స్పిరిదోనొవాతో సహా ఆ పార్టీ ప్రతినిధులను థియేటర్ లోపలే నిర్బంధించారు. నాలుగు రోజుల తర్వాత అదే హాల్లో సోవియట్ రష్యా మొదటి రాజ్యాంగాన్ని ఆమోదించారు. 1922 డిసెంబర్ 30న సోవియట్ యూనియన్ ఏర్పాటును ప్రకటించింది కూడా ఇక్కడే.

విచిత్రమేమిటంటే అదే సంవత్సరం ఈ థియేటర్‌ను మూసేయాలన్న ఆలోచన ప్రభుత్వంలో బలంగా నడిచింది. దేశంలో కరువు. బడులకు డబ్బు లేదు. జమీందార్ల కాలపు విలాసానికి బంగారంలాంటి డబ్బు ఎందుకని లెనిన్ వాదన. విద్యామంత్రి లునచార్‌స్కీ పట్టుబట్టి దాన్ని నిలబెట్టాడు. లెనిన్ ప్రశ్నను నేను తేలిగ్గా తీసిపారేయలేను. ఆకలితో చచ్చిపోతున్న దేశంలో అది న్యాయమైన ప్రశ్నే. కానీ లునచార్‌స్కీ నిలబడకపోతే, రెండు తరాల గురువుల చేతుల్లో ఉన్న విద్య చెదిరిపోయేది. బాలే ఒంటి నుంచి ఒంటికి అందే విద్య. గొలుసు తెగితే కాగితాల మీద నుంచి తిరిగి రాదు.

మూసేయకుండా వదిలిన థియేటర్‌ను స్తాలిన్ సొంతం చేసుకున్నాడు. 1936 జనవరి 26న బోల్షోయ్ రెండో వేదిక మీద షొస్తకోవిచ్ ఒపేరా మ్త్‌సెన్‌స్క్ జిల్లా లేడీ మాక్‌బెత్ చూడటానికి వచ్చి, పూర్తికాకుండానే లేచి వెళ్లాడు. రెండు రోజుల తర్వాత పార్టీ పత్రిక ప్రావ్దాలో ఆ సంగీతాన్ని గందరగోళమంటూ సంతకం లేని వ్యాసం పడింది. మరో వారానికి అదే స్వరకర్త బాలే స్వచ్ఛ ప్రవాహం మీద ఇంకో వ్యాసం. సామూహిక వ్యవసాయ క్షేత్రంలో జరిగే సరదా కథ అది, అప్పటికి బోల్షోయ్‌లో హాళ్లు నిండుతున్నాయి. రెండూ ఆగిపోయాయి. నాట్య దర్శకుడు ఫ్యోదర్ లొపుహోవ్ పదవి పోయింది. కథ రాసిన ఇద్దరిలో రెండోవాడు అద్రియాన్ ప్యోత్రోవ్‌స్కీని 1937లో కాల్చి చంపారు. షొస్తకోవిచ్ తర్వాత ఎన్నడూ కొత్త బాలే రాయలేదు.

నిషేధం ఒక దారి. పాతదాన్ని తిరగరాయడం ఇంకో దారి. గ్లీంకా రాసిన ‘జార్ కోసం ప్రాణం’ అనే ఒపేరా రాజభక్తికి పరాకాష్ఠ. 1939లో బోల్షోయ్ అదే సంగీతానికి కొత్త మాటలు రాయించి, జార్‌ను కథలోంచి తీసేసి, ఇవాన్ సుసానిన్ అనే పేరుతో ప్రదర్శించింది. అదే చివరి కోరస్, అవే గంటలు, కీర్తన మాత్రం మాతృభూమికి. యుద్ధంలో థియేటర్ ముందుభాగం మీద 1941 అక్టోబర్‌లో బాంబు పడింది. బృందం వోల్గా ఒడ్డున ఉన్న కూయ్‌బిషెవ్‌కి తరలింది. షొస్తకోవిచ్ ఏడో సింఫనీని 1942 మార్చి 5న మొదటిసారి వాయించింది అక్కడున్న బోల్షోయ్ ఆర్కెస్ట్రాయే. అతన్ని ఆరేళ్ల కిందట అవమానించిన వేదిక తాలూకు వాద్యకారులు వాళ్లు. 1943 సెప్టెంబర్‌లో బాగుచేసిన భవనం ఇవాన్ సుసానిన్‌తోనే తెరుచుకుంది.

పాస్‌పోర్టు చేతికివ్వని దేశపు రాయబారులు

1944లో నర్తకి గలీనా ఉలనోవాను లెనిన్‌గ్రాద్ (పీటర్స్‌బర్గ్‌కి అప్పటి పేరు) నుంచి మాస్కోకు మార్చారు. 1956 అక్టోబర్‌లో బోల్షోయ్ బాలే లండన్‌లో ప్రొకోఫియెవ్ రోమియో జూలియెట్‌తో అడుగుపెట్టినప్పుడు ఆమెకు 46 ఏళ్లు. పద్నాలుగేళ్లు నిండని జూలియెట్‌గా పరిగెత్తుతుంటే లండన్ నివ్వెరపోయింది. ప్రచ్ఛన్న యుద్ధంలో ఇంత నమ్మకంగా మనసులు గెలిచే సాధనం మాస్కో దగ్గర మరొకటి లేదు. ఆ సంగీతాన్ని నాట్యానికి పనికిరాదని 1930ల్లో తిరస్కరించింది కూడా బోల్షోయే.

అప్పుడు లండన్ వెళ్లనివ్వని ఒక నర్తకి ఉంది. మాయా ప్లిసెత్‌స్కయా. తండ్రిని 1938లో కాల్చేశారు. తల్లిని పసిబిడ్డతో సహా శిబిరానికి పంపారు. భారతదేశం పర్యటనకు 1950ల మొదట్లో ఆమె వచ్చింది గానీ, తర్వాత కొన్నేళ్లు పడమటి దేశాలకు పంపడానికి అధికారులు ఒప్పుకోలేదు. మాస్కోకు ఏ దేశనేత వచ్చినా హంసల సరస్సు చూపించేవారు, అందులో ఆమె నాట్యం చేయాలి. 1959లో అమెరికా పర్యటనకు అనుమతి దొరికింది. 1967లో ఆమె కోసం కూబా నాట్య దర్శకుడు అల్బెర్తో అలోన్సో కార్మెన్ సూట్ కూర్చితే సాంస్కృతిక మంత్రి ఫుర్త్‌సేవా మండిపడింది. ప్లిసెత్‌స్కయా వెనక్కి తగ్గలేదు, దాన్ని దశాబ్దాలపాటు ఆడింది. ఈ మొత్తం చరిత్రలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఆమే. పారిపోలేదు, లొంగనూ లేదు. గాయని విష్నేవ్‌స్కయా, ఆమె భర్త, సెల్లో వాద్యకారుడు రొస్త్రోపోవిచ్ మాత్రం రచయిత సొల్జెనీత్సిన్‌కి ఆశ్రయమిచ్చినందుకు వేధింపులు భరించలేక 1974లో దేశం విడిచారు. 1978లో వాళ్ల పౌరసత్వం రద్దు చేశారు.

నాట్య విభాగాన్ని 1964 నుంచి 1995 దాకా యూరీ గ్రిగోరోవిచ్ ఏలాడు. 1968లో అతను మలిచిన స్పార్టకస్ బోల్షోయ్ శైలికి శిఖరం. బానిసల తిరుగుబాటు కథను అంత బలంగా చెప్పిన థియేటర్ అంతర్గతంగా ఒక్క మనిషి మాట మీద నడిచింది. 1995లో అతను తప్పుకోవాల్సి వచ్చినప్పుడు నాట్యకారులు ప్రదర్శన ఆపేసి సమ్మె చేశారు. అంతకుముందు 1991 ఆగస్టు 19న, కుట్రదారులు గొర్బచోవ్‌ను నిర్బంధించిన రోజున, టీవీలో వార్తల బదులు హంసల సరస్సు పదేపదే వేశారు. ఇప్పటికీ రష్యాలో ఆ నాలుగు చిన్న హంసల నాట్యం ప్రభుత్వం కూలబోతోందనడానికి గుర్తు.

కాంక్రీటు తీసేశాక

కావోస్ బోలులోకి వద్దాం. సోవియట్ కాలంలో మహాసభల కోసం కుర్చీలు పెంచారు, హాలు కిందా ఆర్కెస్ట్రా కిందా కాంక్రీటు పోశారు. ఉపన్యాసానికి మైకు ఉంటుంది, కాబట్టి సభలకు నష్టం లేదు. నష్టమంతా గాయకులకే. 2002లో పక్కన కొత్త వేదిక కట్టి, 2005 జూలైలో పాత భవనాన్ని మూసేశారు. 2008కి అనుకున్నది 2011 అక్టోబర్ 28కి తెరిచారు. అధికారిక లెక్కలో సుమారు 2,100 కోట్ల రూబుళ్లు ఖర్చయింది. కాంక్రీటు తవ్వేసి, చెక్క పలకలు, కాగితపు గుజ్జు అలంకరణ మళ్లీ పెట్టారు. కుర్చీలు తగ్గించి 1,740 దాకా ఉంచారు. బరువంతా కొత్త ఉక్కు దిమ్మెల మీదికి మార్చారు. ముందు గోడ మీద సుత్తీ కొడవలి పోయి రెండు తలల గద్ద తిరిగొచ్చింది. మరమ్మతుల నాణ్యతను బహిరంగంగా తప్పుపట్టిన నర్తకుడు నికొలాయ్ త్సిస్కరీద్జె 2013లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అదే ఏడాది జనవరిలో బాలే డైరెక్టర్ సెర్గేయ్ ఫీలిన్ ముఖం మీద యాసిడ్ దాడి జరిగింది. బృందంలోని ఒక సోలో నర్తకుడికి ఆ కేసులో జైలుశిక్ష పడింది.

అయితే 2000 తర్వాతి ఇరవై ఏళ్లలో మంచి పనులూ జరిగాయి. 2003లో అలెక్సేయ్ రత్మాన్‌స్కీ స్వచ్ఛ ప్రవాహాన్ని కొత్త నాట్యరచనతో అదే థియేటర్‌కి తిరిగి తెచ్చాడు. తర్వాత 2004 నుంచి 2008 దాకా బాలే విభాగానికి నాయకుడయ్యాడు. 2017లో, దర్శకుడు కిరిల్ సెరెబ్రెన్నికొవ్ గృహనిర్బంధంలో ఉండగానే, స్వలింగ ప్రేమికుడైన నర్తకుడు రుడాల్ఫ్ నురేయెవ్ జీవితం మీద అతని నురేయెవ్ బాలే వేదికెక్కింది. ఒకసారి వాయిదా వేసి మరీ వేశారు. మాస్కోలోని పెద్దలు ముందు వరుసల్లో కూర్చుని చప్పట్లు కొట్టారు.

2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద దాడి మొదలైన రోజు రత్మాన్‌స్కీ బోల్షోయ్‌లో కొత్త బాలే తయారుచేస్తున్నాడు. కీవ్‌లో పెరిగినవాడు, కుటుంబం అక్కడే ఉంది. పని ఆపి మాస్కో వదిలి వెళ్లాడు. మార్చిలో సంగీత దర్శకుడు తుగాన్ సోహియెవ్ రాజీనామా చేశాడు. ప్రధాన నర్తకి ఓల్గా స్మిర్నోవా యుద్ధాన్ని ఖండించి ఆంస్టర్‌డాం వెళ్లిపోయింది. స్వలింగ సంబంధాల ప్రచారాన్ని నిషేధించిన కొత్త చట్టం కారణంగా 2023లో నురేయెవ్‌ను ప్రదర్శనల జాబితా నుంచి తీసేశారు. ఆ డిసెంబర్‌లో మారిన్‌స్కీ అధిపతి వలేరీ గెర్గియెవ్‌ను అయిదేళ్లకు బోల్షోయ్‌కి కూడా జనరల్ డైరెక్టర్‌గా ప్రభుత్వం నియమించింది. రెండు నగరాల థియేటర్లూ ఒకే కార్యాలయం కింద ఉండటం 1917కి ముందు, రాజ థియేటర్ల డైరెక్టరేట్ రోజుల్లో మాటే. ఇప్పుడు ఏ ఒపేరా ఎక్కడ వేయాలి, ఏ గాయకుడు ఏ ఊళ్లో పాడాలి అన్నది మళ్లీ ఒకే బల్ల మీద తేలుతోంది.